చావు దులుపుకునే చోటు

వరండాలో నెనిటా ఫాల్దాస్ చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, ఆ ఆసుపత్రిలో చేతులు వాటంతట అవే కుళాయి కిందికి పోయేవి. కొత్తగా చేరిన డాక్టర్లు ఉంగరాలు తీసి జేబులో వేసుకునేవాళ్లు. వెనకాల అందరూ ఆవిణ్ణి సబ్బత్త అనేవాళ్లు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి కోప్పడకపోగా లోలోపల మురిసిపోయేది.

మురిసిపోవడానికి హక్కుంది మరి. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని ఒక్కటే, ఒక మంచం మీది రోగం ఇంకో మంచం ఎక్కకుండా కాపలా కాయడం. గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, బొటనవేలి చుట్టూ, ఒక మంగళవార్త జపం పూర్తిగా చెప్పినంతసేపు రుద్దాలి. జపం సగంలో మింగేసి ఆమెన్ అనేవాళ్లని పెదాల కదలిక చూసి పట్టేసేది. పనాయ్ దీవి పడమటి గట్టున ఆ చిన్న ఊళ్లో ఆవిడకి జడిసినంతగా జనం మేయరుకి కూడా జడవరు.

ఆవిడ చంకలో ఎప్పుడూ ఒక క్లిప్పు అట్ట ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణకి వెళ్తే ఇచ్చిన అట్ట అది. అంచులు ఉబ్బి పొరలు లేస్తే టేపు చుట్టింది. టేపు ఊడొస్తే దాని మీద ఇంకో టేపు చుట్టింది. వెనకవైపు బాలయేసు బొమ్మ అంటించింది. ఎవరు ఎన్నిసార్లు చేతులు కడిగారో, ఎవరు కడగలేదో అన్నీ ఆ అట్ట మీది కాగితాల్లోనే ఉండేవి. దాన్ని చూస్తే ఆయాలకి గుండెల్లో రాయి పడేది.

వెనక వరండా చివర నాలుగు గదుల్ని విడి వార్డు అంటారు. పట్నంలోని పెద్ద ఆసుపత్రుల్లో నెలల తరబడి పడుకుని, ఏ మందుకీ లొంగని క్రిమిని పుండ్లలోనో ఊపిరితిత్తుల్లోనో మోసుకొచ్చినవాళ్లని అక్కడ ఉంచుతారు. తలుపుకి పసుపు కార్డు వేలాడుతుంది. లోపలికి పోవాలంటే గౌను, గ్లౌజులు. బయటికి రావాలంటే ముందు గ్లౌజులు, తర్వాత గౌను తీసి చేతులు కడగాలి. లోపలి స్టెతస్కోపు లోపలే ఉండాలి, లోపలి పెన్ను లోపలే ఉండాలి. ఈ నియమాలన్నీ రాసింది నెనిటాయే. మామూలు రోజుల్లో ఆవిడ కూడా ఆ గడప దాటేది కాదు, గుమ్మంలో నిలబడే తనిఖీ చేసేది. గదిలో ఎవరైనా పోయినప్పుడు మాత్రం లోపలికి వెళ్లేది. శవాన్ని తీసుకెళ్లాక ఆ గదికి ఆఖరి కడుగుడు ఉంటుంది. పరుపు, మంచం కోళ్లు, గోడ మీద స్విచ్చులు, ఇలా ఇరవై రెండు అంశాలు. వాటికి ఒక్కొక్కటిగా టిక్కు పెట్టే పని ఆవిడ ఇంకొకరికి అప్పజెప్పలేదు. ఇంకొకరి కళ్ల మీద ఆవిడకి నమ్మకం లేదు.

ఆ ఊళ్లో చావు చూసినవాళ్లెవరూ తిన్నగా ఇంటికి పోరు. పోతే పోయినవాళ్లు వెంట వస్తారని భయం. దారిలో నలుగురున్న చోట ఎక్కడో కాసేపు ఆగి, ఆ చావుని దులుపుకుని, అప్పుడు గడప తొక్కుతారు. పగ్‌పగ్ అంటారు దాన్ని. ఆసుపత్రి గేటు ఎదురుగా ఉన్న బేకరీ ఆ దులుపుళ్ల మీదే బతుకుతోందని పసిపిల్లల గదిలో పెద్ద నర్సు ఎస్తెలిటా ఎకసెక్కాలాడేది.

"దయ్యాలు వెంట రావు, క్రిములు వస్తాయి. బేకరీకి పోయే ముందు మోచేతుల దాకా కడుక్కోండి," అని నెనిటా అందరి ముందూ ఈసడించేది.

ఈసడించేది గానీ, గత మార్చి నుంచి ఆవిడా తిన్నగా ఇంటికి పోవడం లేదు. ఇంట్లో మైలీన్ ఉంది. చనిపోయిన చెల్లెలి కూతురు, నెనిటా చేతుల్లో పెరిగిన పిల్ల. రెండుసార్లు కడుపు పోయి మూడోసారి నిలిచింది. ఎన్ని చదువులు చదివినా, ఎన్ని నియమాలు రాసినా, విడి వార్డులో శవాన్ని చూసిన కళ్లతో ఆ పిల్ల కడుపు వైపు చూడాలంటే నెనిటాకి ధైర్యం చాలేది కాదు. బేకరీకి పోతే సబ్బత్త కూడా దులుపుకుంటోందని నవ్వుతారు. అందుకని మేడ మీద పసిపిల్లల గదికి వెళ్లేది. ఆవిడ అక్కడికి వెళ్తే ఎవరైనా తనిఖీ అనుకుంటారు. పైగా చావు వదిలిపోవడానికి అప్పుడే పుట్టినవాళ్లని చూడడం కన్నా గట్టి మందేముంది?

గుమ్మం దగ్గర మళ్లీ చేతులు కడుక్కునేది, జపం మొత్తం చెప్పుకునేది. కిటికీ పక్కన, పసికందుల్ని వెచ్చగా ఉంచే గాజుపెట్టె దగ్గర నిలబడి, అట్టని పెట్టె మూత మీద పెట్టి, పక్కనున్న కన్నంలోంచి చెయ్యి లోపలికి పోనిచ్చేది. లోపలి పిల్లో పిల్లాడో ఆ వేలు పట్టుకుంటే ఛాతీలో బిగిసిందేదో సడలేది. అప్పుడు అట్ట తీసుకుని, జీప్నీ బండి ఎక్కి ఇంటికి పోయేది.

జూన్ నెల మొదట్లో విడి వార్డు నాలుగో గదిలో ఒక ముసలి జాలరి పోయాడు. వారం తిరక్కుండా కిటికీ పక్క గాజుపెట్టెలో మగపిల్లాడు పాలు మానేశాడు. జ్వరం లేదు. ఒళ్లు చల్లబడింది, చర్మం మీద బూడిద రంగు తిరిగింది. మూడో రోజుకి పోయాడు. ల్యాబులో పనిచేసే అర్సేనియో ఆ పిల్లాడి రక్తంలోని క్రిమిని పెంచి చూసి నెనిటాని పక్కకి పిలిచాడు.

"అక్కా, ఇది మీ వెనక వార్డు పురుగే. అదే మొండితనం. ఒక్కటంటే ఒక్క మందుకే కాస్త తల వంచుతోంది."

"అక్కడి నుంచి పైకెలా ఎక్కుతుంది? మెట్లెక్కి వచ్చిందా?"

"ఎవరో ఎత్తుకొచ్చి ఉంటారు."

జూలైలో ఒకటో గదిలో ఇంకొకరు పోయారు. మళ్లీ వారం లోపలే కిటికీ పక్క పెట్టెలో ఆడపిల్ల చల్లబడింది. అదీ దక్కలేదు.

నెనిటాకి నిద్ర పోయింది, తిండి పోయింది. కుళాయిలు, పాల కప్పులు, తూకం యంత్రం, డాక్టర్ల ఫోన్లు, కిటికీ తెరలు, అన్నిటి మీదా దూదిపుల్ల రాసి ల్యాబుకి పంపింది. కిటికీ పక్క పెట్టెని స్క్రూలు ఊడదీయించి మరీ కడిగించింది. పదహారు నమూనాల్లోనూ ఏమీ లేదు. కడిగిన తర్వాత పెట్టె శుభ్రంగానే ఉంది, చేతులన్నీ శుభ్రంగానే ఉన్నాయి. దొంగ దొరక్కపోగా దొంగ అడుగులు కూడా కనబడలేదు.

"ఏమే నెనిటా, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎక్కడో మన దగ్గరే ఉంటుంది చూడు," అంది ఎస్తెలిటా, పాల సీసాలు సర్దుతూ.

"నీ వేళాకోళానికి వేళా పాళా ఉండదా?"

"నాకేం వేళాకోళం తల్లీ, నా గదిలో రెండు పెట్టెలు ఖాళీ అయ్యాయి. నవ్వకపోతే ఏడవాలి."

ఆగస్టు వానల్లో మైలీన్‌కి ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. పదునాలుగు వందల గ్రాముల ఆడపిల్ల. పిడికెడు ముఖం, పండుటాకు లాంటి చర్మం. గదిలో ఒక్క గాజుపెట్టే ఖాళీగా ఉంది, కిటికీ పక్కది.

ఆ పిల్లని ఆ పెట్టెలో పెడుతుంటే నెనిటా గోడ పట్టుకుని నిలబడింది. వద్దని చెప్పడానికి కారణం లేదు. పెట్టె కడిగింది తనే, పరీక్ష పంపింది తనే, బాగుందని సంతకం పెట్టిందీ తనే. అయినా భయం వదల్లేదు. మైలీన్ చక్రాల కుర్చీలో కూర్చుని పెద్దమ్మ ముఖంలోకే చూస్తోంది, ఆ ముఖం ధైర్యంగా ఉంటే తనూ ధైర్యం తెచ్చుకుందామని. నెనిటా నవ్వింది. ఆ నవ్వు ఎలా తెచ్చుకుందో ఆవిడకే తెలియదు.

ఆ రోజు కూర్చుని తారీఖులన్నీ ఒక కాగితం మీద రాసింది. అప్పుడు కనబడింది. పసిపిల్లల గదిలో జబ్బు మొదలైన రెండుసార్లూ అంతకు ముందు వారంలో విడి వార్డులో ఒక చావు ఉంది. చావు లేని వారాల్లో ఏమీ లేదు. అంటే చావు రోజున ఎవరో అక్కడి నుంచి ఇక్కడికి వస్తున్నారు. చావు రోజున విడి వార్డులో ఉండేది ఎవరు? శవాలకి స్నానం చేయించే ఆయా లుసిల్డా. మేడ మెట్ల దగ్గర లుసిల్డాని చూశామని ఇద్దరు చెప్పారు కూడా. అంతే, నిప్పు లేనిదే పొగ రాదనుకుంది నెనిటా. ఒక్క నమూనా తీయలేదు, ఒక్క మాట అడగలేదు. మేట్రన్‌కి ఉత్తరం రాసింది. మర్నాటికల్లా లుసిల్డాని బట్టలు ఉతికే షెడ్డుకి మార్చేశారు.

నాలుగు రోజులకి రెండో గదిలో ఉన్న రిటైరైన బడి టీచరమ్మ పోయింది. బయట నైరుతి గాలి రేకుల్ని పీకేస్తోంది. కొత్త ఆయాకి పని రాదు. ఆఖరి కడుగుడంతా నెనిటా దగ్గరుండి చేయించింది. పరుపు ఎత్తి చూసింది, మంచం కింద వంగి చూసింది. వంగినప్పుడల్లా అట్టని చేతికందే చోట, మంచం కమ్మీ మీదో సొరుగు బల్ల మీదో పెట్టింది. ఇరవై రెండు టిక్కులు పూర్తయ్యాక గ్లౌజులు తీసి, గౌను తీసి, సబ్బు నురగలో జపం పూర్తిగా చెప్పింది. ఒక్క మాట మింగలేదు. చేతులు తుడుచుకుని, కుళాయి గట్టు మీది అట్ట తీసి చంకలో పెట్టుకుంది.

ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు. మైలీన్ మేడ మీదే ఉంటోంది. అయినా కాళ్లు అలవాటు చొప్పున మెట్లెక్కాయి. ఇప్పుడు దులుపుకోవడానికి మునుపటికన్నా పెద్ద కారణమే ఉంది కదా.

"రా పెద్దమ్మా, పొద్దున్నించీ చిరాకు పడుతోంది," అంది మైలీన్ స్టూలు జరిపి. నెనిటా గుమ్మం దగ్గర మళ్లీ చేతులు కడుక్కుని వచ్చి, అట్టని గాజుపెట్టె మూత మీద పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చింది. పిల్ల వేలు పట్టుకుంది. గోళ్లు నూగింజలంత ఉన్నాయి. "చూశావా, నీ చెయ్యి తగలగానే సద్దుకుంది. నా మాట వినదు, నీ మాట వింటుంది." మైలీన్ పొంగిపోయింది. పోయేటప్పుడు పెద్దమ్మకి తనే అట్ట అందించింది, ఆ చేత్తోనే మళ్లీ పిల్ల దుప్పటి సర్దింది. తల్లి కదా అని ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు ఉతుకుడు షెడ్డులో నీళ్ల వేడి చూడడానికి వెళ్తే, లుసిల్డా దుప్పట్ల మూటల మధ్య నిలబడి ఉంది. వయసులో నెనిటాకన్నా చిన్నదే గానీ సున్నం, సోడా నీళ్లు చేతుల్ని ముసలివి చేసేశాయి.

"నీళ్లు సరిగ్గానే కాగుతున్నాయి మేడం. వేలు పెట్టి చూడండి, కాల్తుంది."

"నా మీద కోపంగా ఉన్నట్టుంది."

"కోపమెందుకు మేడం, ఇక్కడ శవాలు లేవు, హాయిగా ఉంది. ఒక్కటి అడగనా? నేను పిల్లల గదికి ఎక్కడం మీరు చూశారా?"

"మెట్ల దగ్గర చూసినవాళ్లున్నారు."

"మెట్ల కింద నా గొడుగు పెట్టుకుంటాను. శవానికి స్నానం చేయించిన ఒంటితో పసిపిల్లల దగ్గరికి ఎవరైనా పోతారా మేడం? పాపం కాదూ? నేను బేకరీకి పోతాను. రెండు రొట్టెలు కొంటాను, ఆ బల్ల మీదే తింటాను, ఒళ్లు దులుపుకుని ఇంటికి పోతాను. పదేళ్లుగా అంతే. బేకరీ వాణ్ణి అడగండి." తడి దుప్పటి పిండి తీగ మీద విసిరి, ఇటు తిరిగింది. "మరి మీరెక్కడ దులుపుకుంటారు మేడం? తిన్నగా ఇంటికైతే పోరు. మీ జీప్నీ డ్రైవరు మా మరిదే. చావు రోజున అరగంట ఆలస్యంగా వస్తారంట."

నెనిటా చంకలో అట్ట అంచు చేతికి గుచ్చుకుంటోంది. దాన్ని బయటికి తీసి, జీవితంలో మొదటిసారి చూసినట్టు చూసింది. ఉబ్బిన పొరలు. టేపు కింద నల్లగా పేరుకున్న జిగురు. చావు రోజుల్లో మాత్రమే లోపలికి పోయే అట్ట. మంచం కమ్మీ మీద, కుళాయి గట్టు మీద, గాజుపెట్టె మూత మీద. తను చేతులు కడిగింది, లోకం చేత కడిగించింది, దీన్ని ఇరవై రెండేళ్లలో ఒక్కసారి తడిగుడ్డతో తుడవలేదు. గురివింద తన కింద నలుపెరగదంటారు. తనిఖీ చేసేవాళ్లని తనిఖీ చేయాలని తన నియమాల్లో ఎక్కడా రాసుకోలేదు.

"మేడం, కూర్చోండి. ముఖం అలా అయిపోయిందేం?" అంది లుసిల్డా. ఆ గొంతులో కసి లేదు. అది ఇంకా భరించలేకపోయింది నెనిటా.

గదికి పోయి తలుపేసుకుని దూదిపుల్ల తడిపి టేపు కిందికి దోపి రాసింది. సీసా మీద పదిహేడు అని అంకె వేసింది, దేని మీంచి తీసిందో రాయలేదు. అట్టని ప్లాస్టిక్ సంచిలో వేసి రెండు ముళ్లు వేసింది. అర్సేనియో సీసా అందుకుంటూ, "ఇదెక్కడిదక్కా?" అన్నాడు. "పెంచి చూడు, తర్వాత చెప్తా," అంది.

పెరగడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ ఎవరికీ చెప్పలేదు. రుజువు లేకుండా ఎవరి పేరూ పైకి తేకూడదని తనకి తాను చెప్పుకుంది. లుసిల్డా విషయంలో గుర్తు రాని ఆ నీతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో తనకి తెలుసు. సిగ్గు. ఇరవై రెండేళ్ల పేరు. వెళ్లి ఎస్తెలిటా చెవిలో ఒక్క మాట వేస్తే, పిల్ల బాగున్నప్పుడే రక్తం తీసి పెంచేవాళ్లు, ఆ ఒక్క మందూ సిద్ధంగా ఉంచుకునేవాళ్లు. అయినా చెప్పలేదు. మేడ మీదికి పోకుండా మాత్రం ఉండగలిగింది. మైలీన్ రెండుసార్లు కబురు పెట్టింది, పెద్దమ్మకి ఒంట్లో బాగా లేదా అని. పని ఉందని చెప్పించింది.

మూడో రోజు పొద్దున అర్సేనియో తనే ఆవిడ గదికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పదిహేడు పెరిగింది. అదే పురుగు, తేడా లేదు. ఇప్పుడైనా చెప్పక్కా, ఎవరిది?"

నెనిటా బల్ల కింద సంచి వైపు చూపించింది. అతను వంగి చూశాడు. ప్లాస్టిక్‌లోంచి బాలయేసు బొమ్మ కనబడింది. వెళ్లబోతూ, "పైకి వెళ్లు. ముందు పైకి వెళ్లు," అన్నాడు.

మెట్ల మీదే ఎస్తెలిటా ఎదురొచ్చింది. ఆవిడ ముఖంలో వేళాకోళం లేదు.

"నీకోసమే వస్తున్నా. తెల్లవారినప్పటి నుంచి పాలు ముట్టలేదు. ఒళ్లు చల్లగా ఉంది. పెట్టె వేడి పెంచి చూశాం. డాక్టరు మామూలు మందు మొదలుపెడతానంటున్నాడు."

"మామూలు మందు వద్దు. ఆ పురుగు దానికి లొంగదు. అర్సేనియో చెప్పిన ఆ ఒక్కటే ఇమ్మను, ఇప్పుడే ఇమ్మను." నెనిటా గొంతు మామూలుగానే వచ్చింది. "అది నా అట్ట మీద ఉంది. మూడుసార్లూ నేనే తెచ్చాను. రెండు రోజుల నుంచి నాకు అనుమానం ఉంది, చెప్పలేదు."

ఎస్తెలిటా వెనక్కి తిరిగి పరుగెత్తింది. ఆ వయసులో ఆవిడ అలా పరుగెత్తడం నెనిటా ఎప్పుడూ చూడలేదు.

నెనిటా గోడకున్న సొరుగులోంచి పసుపు కార్డు తీసింది. పసిపిల్లల గది తలుపుకి తన చేతులతో తగిలించింది. గడప దగ్గర నేల మీద ఎర్ర గీత ఒకటి ఉంది, అదీ ఎప్పుడో తను వేయించిందే. గీత ఇవతలే ఆగిపోయింది. లోపల గౌన్లు తొడుక్కుంటున్నారు. ఒకరు సూదిమందు సిద్ధం చేస్తున్నారు. కిటికీ పక్క పెట్టె మీద వంగిన మైలీన్ తలెత్తి చూసింది.

"వచ్చావా పెద్దమ్మా? లోపలికి రా, ఒక్కసారి చెయ్యి వెయ్యి. నీ చెయ్యి తగిలితే సద్దుకుంటుంది."

"నేను రాకూడదు తల్లీ."

"ఎందుకు రాకూడదు?"

చెప్పింది. మొత్తం చెప్పింది. చావు రోజున ఇంటికి రావాలంటే భయమేసేదని, కడుపుతో ఉన్న నీ దగ్గరికి ఆ చావుని తేకూడదని ఇక్కడికి వచ్చేదాన్నని, చేతులైతే కడుక్కున్నానని, అట్ట సంగతి మాత్రం తోచలేదని. మొన్న మూత మీద పెట్టింది కూడా అదేనని. తెలిశాక రెండు రోజులు నోరు మూసుకున్నానని కూడా చెప్పింది.

మైలీన్ ఏడవలేదు. గాజు మీద ఆనించి ఉన్న రెండు చేతుల్నీ నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. తిప్పి చూసుకుంది, మొన్న అట్ట అందించిన చేతులు. పెట్టెలో పిల్ల అరచెయ్యి తెరుచుకునే ఉంది, పట్టుకోవడానికి ఏమీ లేక.

"అక్కడి నుంచి తిన్నగా ఇంటికి వచ్చేసి ఉంటే ఏమయ్యేది పెద్దమ్మా?" అని అడిగింది.

నెనిటా ఎర్ర గీత ఇవతల నిలబడి, మైలీన్ ముఖం చూస్తూ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు కాబట్టి, ఇప్పుడూ నిజమే చెప్పింది.

"ఏమీ అయ్యేది కాదు."